నిప్పుకోడి గుడ్డు పిల్ల కాకపోతే లోపం ఎక్కడ వెతకాలి

ఫారంలో నిప్పుకోడి గుడ్లు వంద పొదుగుకు వేస్తే యాభై, అరవై పిల్లలు లేవడం మామూలు. మామూలు కోళ్ళ హ్యాచరీలతో పోలిస్తే ఇది చాలా తక్కువ. లేవని నలభై, యాభై గుడ్లనూ చాలా చోట్ల వట్టి గుడ్లనే ఒక్క మాటతో పక్కన పడేస్తారు. నింద నేరుగా పుంజు మీదికి పోతుంది. పుంజును మారుస్తారు, మళ్ళీ కొన్ని వారాలు చూస్తారు, ఈలోగా సీజను సగం గడిచిపోతుంది. కానీ ఆ లేవని గుడ్లలో ఫలదీకరణ జరగనివి సుమారు సగమే. మిగతా వాటిలో పిండం ఏర్పడి, ఏదో ఒక దశలో చచ్చిపోయింది. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి గానీ వాటి కారణాలకు ఒకదానితో ఒకటి పొత్తే లేదు.

అందుకే ఈ చిక్కును నాలుగు ప్రశ్నలుగా విడదీసుకోవాలి. పెట్ట పెట్టాల్సినన్ని గుడ్లు పెడుతోందా? పెట్టిన గుడ్డుకు వీర్యకణాలు చేరాయా? చేరి ఏర్పడిన పిండం ఇంక్యుబేటర్‌లోకి వెళ్ళేలోపే చచ్చిందా? లేక ఇంక్యుబేటర్‌లోనే చచ్చిందా? మొదటిది పెట్టకు, దాణాకు సంబంధించినది. రెండోది జతకు, మూడోది గుడ్లు ఏరేవాళ్ళకు, నాలుగోది యంత్రానికి సంబంధించినది. ఏ ప్రశ్న దగ్గర తేడా వచ్చిందో తేల్చకుండా వైద్యం మొదలుపెడితే డబ్బూ పోతుంది, సీజనూ పోతుంది.

గుడ్డు తయారయ్యే తీరు

చాలా పక్షుల్లాగే నిప్పుకోడి పెట్టకు కూడా ఎడమ అండాశయం, ఎడమ అండవాహిక మాత్రమే పనిచేస్తాయి. అండాశయం నుంచి పచ్చసొన విడుదలైన కాసేపటికే, అండవాహిక మొదట్లోని గరాటు భాగంలో ఫలదీకరణ జరగాలి. ఆ తర్వాత తెల్లసొన చుట్టుకుంటే ఇక వీర్యకణానికి దారి ఉండదు. తెల్లసొన, పొరలు, పెంకు అన్నీ పూర్తవడానికి దాదాపు 48 గంటలు పడుతుంది. అందుకే మంచి పెట్ట రోజు విడిచి రోజు, ఎక్కువగా మధ్యాహ్నం తిరిగాక, పొద్దు గుంకేలోపు గుడ్డు పెడుతుంది. గుడ్డు సగటున కిలోన్నరకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. దాని బరువులో అయిదో వంతు పెంకే. పెంకు మందం సుమారు 2 మిల్లీమీటర్లు.

పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది. అవి పిల్లలు కావు, అంతే. కాబట్టి గుడ్ల సంఖ్య బాగుంది గనుక జత కూడా బాగున్నట్టే అనుకోవడానికి వీల్లేదు.

ఇంకో ముఖ్య విషయం వీర్యకణాల నిల్వ. అండవాహిక చివరి భాగంలో, గర్భాశయం యోనితో కలిసే చోట, సన్నని గొట్టాల్లాంటి గ్రంథులు ఉంటాయి. పుంజు తొక్కినప్పుడు చేరిన వీర్యకణాల్లో కొన్ని అక్కడ ఆగి, రోజుల తరబడి కొద్దికొద్దిగా పైకి వెళ్తుంటాయి. నిప్పుకోడిలో ఈ నిల్వ ఒక్కోసారి మూడు, నాలుగు వారాల దాకా పనిచేస్తుంది. దీనివల్ల ఫారంలో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. పుంజు కుంటిదై తొక్కడం మానేసినా కొన్నాళ్ళు గుడ్లు బాగానే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అలాగే పుంజును మార్చిన వారానికే గుడ్లు బాగుపడ్డాయంటే అది కొత్త పుంజు గొప్పా, పాత నిల్వా అన్నది తెలియదు. పుంజును మార్చాక కనీసం నాలుగు వారాలు ఆగి తీర్పు చెప్పాలి. ఆ నాలుగు వారాల గుడ్ల పిల్లలకు తండ్రి ఫలానా అని రిజిస్టరులో రాయకూడదు కూడా.

ఎన్ని గుడ్లు, ఎప్పుడు

అడవిలో ఒక పెట్ట ఒక గూటిలో పెట్టేది ఎనిమిది నుంచి పద్నాలుగు గుడ్లు. ఆ గూటిలోనే వేరే పెట్టలూ వచ్చి పెట్టిపోతాయి. పొదిగేది మాత్రం ఆ గూటి అసలు పెట్ట (పెద్ద పెట్ట), పుంజు. పగలు పెట్ట, రాత్రి పుంజు. తూర్పు ఆఫ్రికాలో వీటిని దగ్గర నుంచి గమనించిన బ్రయాన్ బెర్‌ట్రామ్, పెద్ద పెట్ట తన గుడ్లను గుర్తుపట్టి ఎక్కువైన పరాయి గుడ్లను గూటి అంచుకు నెట్టేస్తుందని చూపించారు. ఫారంలో ఈ క్రమాన్ని మనమే ఆపేస్తాం. గుడ్డు పెట్టగానే తీసేస్తే పెట్టకు గూడు నిండినట్టు అనిపించదు, పొదుగుకు కూర్చోదు, పెడుతూనే పోతుంది. సాధారణంగా ఇరవై గుడ్ల దాకా ఒక విడతగా పెట్టి, వారం పది రోజులు ఆగి, మళ్ళీ మొదలుపెడుతుంది. సీజనుకు 40 నుంచి 60 గుడ్లు సగటు. అయితే ఈ సగటు వెనక పెద్ద తేడా దాగి ఉంది. ఒకే మందలో ఒక పెట్ట సున్నా పెడితే ఇంకొకటి నూరు దాటుతుంది. ఇంత తేడా మామూలు కోళ్ళలో కనిపించదు. మంద సగటును పట్టుకుని ఎంత దాణా సరిచేసినా, గుడ్డు పెట్టని పెట్ట పెట్టనిదిగానే మిగిలిపోతుంది.

సీజను పొద్దు నిడివిని బట్టి మొదలవుతుంది. ఉత్తరార్ధగోళంలో మార్చి నుంచి సెప్టెంబరు దాకా, ఈ పెంపకం పుట్టిల్లయిన దక్షిణాఫ్రికాలో జూన్ ప్రాంతం నుంచి జనవరి దాకా గుడ్ల కాలం. మధ్యలో వానలు పట్టుకుంటే పెట్టడం తగ్గుతుంది, పెట్టినవి కూడా బురదపాలవుతాయి.

పెట్ట రెండు, రెండున్నర ఏళ్ళకు ఈడుకొస్తుంది. పుంజు అంతకంటే ఆలస్యంగా, మూడేళ్ళు దాటాక. ఒకే ఈడు పిల్లల నుంచి పెట్టనూ పుంజునూ తీసి జతకట్టేవాళ్ళు మొదటి సీజనులో ఎదుర్కొనే దెబ్బ ఇక్కడిదే. పెట్ట పెడుతుంది, పుంజు ఇంకా సిద్ధం కాదు, గుడ్లు వట్టివవుతాయి. పెట్ట కంటే పుంజు ఏడాది పెద్దదైతే ఈ గొడవ చాలావరకు తీరుతుంది. మొదటి ఏడాదిలో గుడ్లు తక్కువగా, చిన్నగా ఉండటం సహజం. ఆ తర్వాత చాలా ఏళ్ళు పెరుగుతూ పోతాయి. కాబట్టి ఒక్క సీజను చూసి కుర్ర పెట్టను తీసేయడం తొందరపాటు. రెండో సీజనులో కూడా గుడ్లు రాకపోతే మాత్రం ఉంచి లాభం లేదు. జాతి తేడా కూడా ఉంది. నల్ల జాతిగా పేరుపడ్డ దక్షిణాఫ్రికా పెంపుడు రకం ఒళ్ళు చిన్నదే గానీ గుడ్లకు మేలైనది. జింబాబ్వే నీలిమెడ రకం భారీ పక్షి, మాంసం ఎక్కువ, గుడ్లు తక్కువ.

పుంజు దగ్గర ఏం చూడాలి

సీజనులో ఉన్న పుంజుకు ముక్కు, కాళ్ళ ముందు పొలుసులు ఎర్రబారతాయి. మెడ ఉబ్బించి దూరానికి వినిపించేలా గంభీరంగా అరుస్తుంది. పెట్ట ముందు మోకరిల్లినట్టు కూర్చుని, రెక్కలు అటూ ఇటూ ఊపుతూ, తలను వీపు పక్కలకు కొట్టుకుంటుంది. ఒప్పుకున్న పెట్ట తల కిందికి వంచి, రెక్కలు వణికిస్తూ, ముక్కు టపటపలాడిస్తూ వచ్చి కూర్చుంటుంది. తొక్కడం నిమిషం లోపే అయిపోతుంది. ఎరుపు, అరుపు, ఆట అన్నీ ఉన్నంత మాత్రాన వీర్యం మంచిదని కాదు. ఆట ఆడి తొక్కకుండా లేచిపోయే పుంజులుంటాయి. తొక్కినా అంగం సరిగా లోపలికి చేరని కుంటి పుంజులూ ఉంటాయి. చూడాల్సింది తెల్లవారుజామున, పక్షులకు కనిపించనంత దూరం నుంచి. రోజుకు గంట చొప్పున నాలుగైదు రోజులు చూస్తే జత కుదిరిందో లేదో తెలిసిపోతుంది.

దూరం నుంచే చూడమనడానికి కారణం ఉంది. ఇంక్యుబేటర్‌లో పుట్టి మనుషుల చేతుల్లో పెరిగిన పక్షులు మనిషినే తమ జోడీగా భావించే అవకాశం ఉంది. బ్రిటన్‌లోని ఫారాలలో 1990లలో జరిగిన పరిశీలనలో, మనుషులు దగ్గరుంటే నిప్పుకోళ్ళ ఆటలు పెరుగుతాయనీ, ఆ ఆటలో కొంత మనుషుల వైపే తిరిగి ఉంటుందనీ నమోదైంది. కంచె దగ్గర పనివాడు నిలబడితే పుంజు అతని ముందే ఆడుతుంటుంది, పెట్ట వెనకాల మేస్తుంటుంది. చూసేవాళ్ళు పుంజు మంచి ఊపు మీదుందని మురిసిపోతారు. సీజనులో దాణా, గుడ్ల పని తప్ప కంచె దగ్గర సంచారం తగ్గించాలి, సందర్శకులను రానివ్వకూడదు. ఇదే గుణాన్ని దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో పరిశోధకులు మేలుకు మళ్ళించారు. మనిషికి అలవాటుపడ్డ పుంజుకు బొమ్మ పెట్టను ఎక్కడం నేర్పి, బలవంతం లేకుండా వీర్యం తీస్తున్నారు. మనిషిని చూసి తనంతట తానే కూర్చునే పెట్టకు కృత్రిమ గర్భధారణ చేస్తున్నారు.

జతల ఏర్పాటు మూడు రకాలు. ఒక పుంజు, ఒక పెట్ట ఉండే జత. ఒక పుంజుకు రెండు పెట్టలు. లేదా పెద్ద దొడ్డిలో పది పెట్టలకు ఆరు పుంజులు చొప్పున కలిపి వదిలే మంద. మందలో ఖర్చు తక్కువే, కానీ బలమైన పుంజు మిగతావాటిని తొక్కనివ్వదు. ఆ బలమైనదే వీర్యం సరిలేనిదైతే దొడ్డి మొత్తం నష్టపోతుంది. అంతకంటే పెద్ద లోపం, ఏ గుడ్డు ఏ పెట్టదో తెలియకపోవడం. పైన చెప్పిన సున్నాకు, నూరుకు మధ్య తేడాను పట్టుకునే దారే మూసుకుపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఖర్చయినా జతలుగానే ఉంచాలి. ఒక పుంజుకు రెండు పెట్టలు పెడితే, ఒక పెట్ట రెండోదాన్ని పుంజు దరికి రానివ్వని సందర్భాలు వస్తాయి. ఇద్దరి గుడ్లనూ ఆకారం, పెంకు నునుపు, రంధ్రాల తీరు చూసి వేరుచేయడం అలవాటు మీద వస్తుంది. ఒక్కో పెట్ట గుడ్డు సీజను పొడవునా దాదాపు ఒకే పోలికలో ఉంటుంది.

దాణాలో కాల్షియం తగవు

కిలోన్నర గుడ్డులో 300 గ్రాముల పెంకు ఉంటుంది. అందులో కాల్షియం సుమారు 115 గ్రాములు. రెండు రోజులకొకసారి ఇంత బయటికి పోతుంది. దాణాలో 2 నుంచి 3 శాతం కాల్షియం ఉండాలనడం ఇందుకే. అయినా దాణాలోదంతా ఒంటికి పట్టదు కాబట్టి పెట్ట తన ఎముకల నుంచి కొంత లాగుతుంది. సీజను తర్వాత రెండు, మూడు నెలలు పుంజునూ పెట్టనూ విడదీసి విశ్రాంతి ఇవ్వడం ఆ అప్పు తీర్చుకోవడానికే. ఆ విశ్రాంతి ఇవ్వకుండా కలిపే ఉంచితే తర్వాతి సీజనులో పెంకు పలచబడటం, గుడ్ల మధ్య ఎడం పెరగడం కనిపిస్తాయి.

తగవు ఎక్కడంటే, పెట్టకు కావాల్సిన కాల్షియం పుంజుకు ఎక్కువవుతుంది. ఎక్కువైన కాల్షియం జింకును ఒంటికి పట్టనివ్వదు. జింకు తగ్గితే వీర్యం దెబ్బతింటుంది. ఇద్దరూ ఒకే తొట్టిలో తింటారు కాబట్టి దీన్ని తప్పించే మార్గం ఒకటే. దాణాలో కాల్షియం 2 శాతం దగ్గర ఉంచి, సున్నపురాయి పలుకులు లేదా ఆల్చిప్పల ముక్కలు వేరే తొట్టిలో పెట్టాలి. గుడ్డు పెట్టే పెట్ట వాటిని వెతుక్కుని తింటుంది, పుంజు పెద్దగా ముట్టదు. ఖనిజ మిశ్రమంలో జింకు, మాంగనీసు, సెలీనియం, విటమిన్ ఇ, బి2 తప్పక ఉండాలి. ఇవి తగ్గితే గుడ్ల సంఖ్య తగ్గకుండానే పిండాలు చస్తాయి కాబట్టి లోపం ఆలస్యంగా బయటపడుతుంది.

పెద్ద పక్షి రోజుకు రెండు నుంచి రెండున్నర కిలోల దాణా తింటుంది, మాంసకృత్తులు 12 నుంచి 14 శాతం చాలు. ఎక్కువ పెడితే ఎక్కువ గుడ్లు వస్తాయన్నది నిజం కాదు. కొవ్వెక్కిన పెట్ట గుడ్లు తగ్గిస్తుంది, కొవ్వెక్కిన పుంజు తొక్కదు. విశ్రాంతి నెలల్లో పచ్చిమేతతో సన్నగా ఉంచి, సీజనుకు కొన్ని వారాల ముందు గుడ్ల కాలానికి పెట్టే బ్రీడర్ దాణాకు మార్చాలి. వీర్యకణాలు తయారవడానికి వారాలు పడుతుంది కాబట్టి పుంజు దాణాను పెట్టకంటే ముందే మార్చడం మంచిది.

వట్టిదా, చచ్చిందా

పొదుగుకు వేసిన రెండు వారాల తర్వాత క్యాండ్లింగ్ చేస్తే, అంటే గుడ్డును దీపానికి అడ్డంగా పెట్టి లోపల చూస్తే, బతికున్న గుడ్డులో నల్లని నీడ కనిపిస్తుంది. కనిపించకపోతే అది ఫలదీకరణ జరగని గుడ్డో, మొదటి రోజుల్లోనే పిండం చచ్చిన గుడ్డో దీపం చెప్పలేదు. చెప్పగలిగేది పగలగొట్టి చూడటమే. ఈ ఒక్క పని చేసే ఫారాలకూ చేయని ఫారాలకూ ఫలితాల్లో తేడా చాలా ఉంటుంది.

పద్ధతి ఇది. తీసేసిన గుడ్డును గాలి గది (ఒక కొసన పెంకు కింద ఉండే గాలి చోటు) పైకి ఉండేలా కొన్ని గంటలు కదలకుండా నిలబెట్టాలి. పచ్చసొన మీదుండే, పిండం మొదలయ్యే చుక్క అయిన బీజబిందువు తేలికైనది కాబట్టి పైకి తిరుగుతుంది. చేతికి తొడుగు, ముక్కుకు మాస్కు పెట్టుకుని గాలి గది మీద పెంకును గుండ్రంగా కోసి, లోపలి పొర తీసి చూడాలి. కుళ్ళిన గుడ్డులో వాయువు పట్టి ఉంటుంది, అది పేలవచ్చు. వాసన వచ్చినదాన్ని, చెమ్మ కారినదాన్ని తెరవకుండా పారేయడమే మేలు. బీజబిందువు చిన్నగా, గట్టిగా, అంచులు చెదిరిన తెల్లచుక్కలా ఉండి చుట్టూ చిన్న చిన్న బుడగల్లా కనిపిస్తే ఫలదీకరణ జరగలేదు. గుండ్రంగా, పెద్దదిగా, నడిమి పలచగా, అంచు తెల్లని వలయంలా ఉంటే పిండం ఏర్పడింది. ఆ వలయం గుడ్డు పెట్టినప్పటి పరిమాణంలోనే ఆగిపోతే నిల్వలోనో, మొదటి గంటల్లోనో చచ్చిందని అర్థం. మీగడ రంగు పొరలా వ్యాపించి ఆగితే మొదటి రోజుల్లో, నెత్తుటి వలయం కనిపిస్తే మొదటి వారంలో చచ్చింది. కన్ను, ముక్కు, ఈకలు ఉన్నాయా లేదా అన్నదాన్ని బట్టి తర్వాతి దశలు సులువుగానే తేలతాయి.

పరిశోధనశాలలో ఇంకా లోతుగా చూస్తారు. బీజబిందువు మీది పొరను తీసి రంగువేసి, అందులో చిక్కుకున్న వీర్యకణాలను లెక్కపెడతారు. లెక్క సున్నాకు దగ్గరగా ఉంటే జత కుదరలేదని, బాగా ఉండి కూడా పిండం లేకపోతే లోపం మరోచోట ఉందని అర్థం.

ఒక పెట్ట గుడ్లు వరసగా అయిదారు వట్టివైతే ఆ జతను చూడాలి. అన్ని జతల గుడ్లూ ఒకే వారంలో చెడితే పక్షుల జోలికి పోకుండా, ఆ వారం గుడ్లు ఏ గదిలో, ఎంత వేడిలో ఉన్నాయో చూడాలి.

గూటి నుంచి ఇంక్యుబేటర్ దాకా

గుడ్డు బయటికి వచ్చేసరికి లోపలి పిండం వేల కణాలుగా విభజించుకుని ఉంటుంది. వేడి తగ్గితే నిద్రపోతుంది, సుమారు 25 డిగ్రీలు దాటితే అరకొరగా ఎదగడం మొదలుపెట్టి బలహీనపడుతుంది. ఎండలో రాత్రి దాకా వదిలేసిన గుడ్డుకు జరిగేది ఇదే. గుడ్డు వేడిగా పుట్టి చల్లారేటప్పుడు లోపలి పదార్థం ముడుచుకుని, రంధ్రాల గుండా గాలిని లోపలికి పీలుస్తుంది. గూటి ఇసుక తడిగా, పేడతో ఉంటే బాక్టీరియా కూడా ఆ గాలితో లోపలికి పోతుంది. అందుకే గూటికి పైకప్పు, పొడి ఇసుక, నీరు నిలవని నేల ఉండాలి. గుడ్లను అదే సాయంత్రం ఏరి, పెన్సిలుతో దొడ్డి నంబరు, తేదీ రాయాలి. ఏరేటప్పుడు ఒకరు పుంజును కర్రతో ఆపి ఉంచాలి. సీజను పుంజు ముందుకు తన్నే తన్ను ప్రాణం తీయగలదు.

మట్టి పొడిగా ఉంటే బ్రష్షుతో దులిపితే చాలు. కడగక తప్పకపోతే క్రిమిసంహారిణి కలిపిన నీరు గుడ్డు కంటే వేడిగా, 40 డిగ్రీల దగ్గర ఉండాలి. చల్లని నీళ్ళలో ముంచితే మురికిని మనమే లోపలికి పంపినట్టు. నిల్వ 15 నుంచి 18 డిగ్రీల దగ్గర, వారం మించకుండా. వారం దాటిన ప్రతి రోజూ పిండాల చావు పెరుగుతుంది. యంత్రంలో పెట్టే ముందు పన్నెండు గంటలైనా గది వేడికి తేవాలి, లేకపోతే పెంకు మీద చెమ్మ పడుతుంది.

ఇంక్యుబేటర్‌లో నీటి లెక్క

వేడి 36 నుంచి 36.5 డిగ్రీలు. 37 దాటితే చావులు పెరుగుతాయి. కోడిగుడ్ల యంత్రం 37.5 దగ్గర నడుస్తుంది కాబట్టి దాన్ని అలాగే వాడితే నిప్పుకోడి పిల్లలు లేవవు. తిప్పడం గంటకోసారి, నిలువుకు అటు 45, ఇటు 45 డిగ్రీలు. పొదుగు కాలం 42 రోజులు, 39వ రోజుకు హ్యాచర్‌లోకి, అంటే పిల్లలు పెంకు పగలగొట్టుకుని బయటికొచ్చే యంత్రంలోకి, మార్చాలి.

ఆఖరి వారంలో చచ్చే పిండాల్లో చాలావాటికి కారణం నీరు. గుడ్డు 39 రోజుల్లో తన బరువులో 13 నుంచి 15 శాతం నీటిని ఆవిరిగా పోగొట్టుకోవాలి. 1,500 గ్రాముల గుడ్డు 14 శాతం లెక్కన 210 గ్రాములు, అంటే రోజుకు 5.4 గ్రాములు తగ్గాలి. పద్నాలుగో రోజు తూస్తే 1,425 గ్రాముల దగ్గర ఉండాలి. 1,450 ఉంటే ఆ గుడ్డు వెనకబడింది. నీరు సరిగా పోని పిల్ల ఒళ్ళంతా వాచి, గాలి గది చిన్నదై, ఊపిరాడక చస్తుంది. 20 శాతం పోగొట్టుకున్న పిల్ల ఎండిపోయి పొరకు అతుక్కుంటుంది. నిప్పుకోడి గుడ్డు పెంకు మందమైనది కాబట్టి మొదటి సమస్యే ఎక్కువ. అందుకే గాలిలో తేమ 20 నుంచి 25 శాతం మాత్రమే ఉంచుతారు. తేమగల ప్రాంతాల్లో ఈ స్థాయికి తేవాలంటే గదిలోనే తేమ తీసే యంత్రం కావాలి. ఇంక్యుబేటర్ తలుపు తెరిచి ఉంచితే లాభం లేదు, బయటి గాలే తడిగా ఉంటుంది.

ఒకే యంత్రంలో రంధ్రాలు తక్కువున్న నున్నటి గుడ్డూ, గరుకు గుడ్డూ ఉంటాయి. వాటికి ఒకే తేమ సరిపడదు. పెట్టవారీగా పోలికలు మారవు కాబట్టి, ఫలానా దొడ్డి గుడ్లు ఎప్పుడూ నీరు తక్కువ పోగొడతాయని రిజిస్టరు చెబితే, ఆ దొడ్డి గుడ్లను మొదటి రోజు నుంచే పొడి యంత్రంలో వేయవచ్చు. రెండో యంత్రం లేనివాళ్ళు వారానికోసారి తూచి, వెనకబడిన గుడ్లను గాలి ఎక్కువ తగిలే అరలకు మార్చుకుంటారు.